తాతల నాటి డబుల్ బ్యారెల్‌కి సీసం లేని తూటా: లోహం సంగతి తర్వాత, ముందు గొట్టం సంగతి

శ్రీకాకుళం, విజయనగరం వైపు ఆయుధ లైసెన్సు మీద "డీబీబీఎల్" (డబుల్ బ్యారెల్ బ్రీచ్ లోడింగ్, వెనక నుంచి తూటా వేసే జంట గొట్టాల తుపాకీ) అని రాసి ఉంటే, ఆ తుపాకీ తాతల నాటిది కావడం అరుదేమీ కాదు. పక్కపక్కన రెండు గొట్టాలు, వాటి మధ్య పట్టీ మీద రోడ్డా అనో మాంటన్ అనో కలకత్తా దుకాణం పేరు, అరిగిపోయిన చెక్క. పెద్దాయన పోయాక లైసెన్సు వారసుడి పేరు మీదికి మారుతుంది. ఎన్నికలొచ్చినప్పుడల్లా తుపాకీ ఠాణాకి వెళ్లి వస్తుంది. అందులో ఏ తూటా వేయాలో మాత్రం కూర్చోబెట్టి చెప్పేవాళ్లు ఉండరు. డీలరు ఇచ్చిన పెట్టె తెచ్చుకోవడం, వేయడం, అంతే.

ఆ పెట్టెలో సీసం ఉండకూడదని ఇప్పుడు కొందరు అంటున్నారు. వాళ్లు చెప్పేది నిజం. సీసం మానాల్సిందే. కానీ సీసం స్థానంలో ఏది దొరికితే అది, ముఖ్యంగా ఇనుము, పాత గొట్టంలోకి దూర్చడం ప్రమాదం. ఏ లోహం అన్నది చివర తేల్చుకోవాల్సిన ప్రశ్న. అంతకు ముందు గొట్టం మీది ముద్రలు చదవాలి, తూటా కూర్చునే చాంబర్ పొడవు కొలవాలి, గోడ మందం చూడాలి, మూతి దగ్గర గొట్టం ఇరుకయ్యే చోక్ ఎంతో తెలుసుకోవాలి. ఈ వరుస తిరగేసినవాళ్ల తుపాకులే ఉబ్బుతాయి, పగులుతాయి.

సీసం ఎందుకు మానాలి అన్నది క్లుప్తంగా చెప్పి ముందుకు వెళ్తాను. 28 గ్రాముల 6వ నంబరు సీసం తూటాలో సుమారు 270 పెల్లెట్లు (చిన్న గుళ్లు) ఉంటాయి. లక్ష్యానికి తగిలేవి నాలుగైదు, మిగిలినవన్నీ చేనులోనో చెరువులోనో పడతాయి. సీసం బురదలో కరిగి మాయమవదు, ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. బాతులు తిండి నూరుకోవడానికి ఇసుక రాళ్లు మింగుతాయి. ఆ రాళ్లతో పాటు పెల్లెట్ కూడా లోపలికి పోతుంది, కండర జీర్ణాశయంలో అరుగుతుంది, ఆమ్లంలో కరిగి రక్తంలోకి చేరుతుంది. ఒక్క బాతు చావడానికి ఒకటి రెండు పెల్లెట్లు చాలు. నౌపడ ఉప్పుటేరుల్లో, తేలినీలాపురం చుట్టుపక్కల చెరువుల్లో దిగే వలస పక్షులకే కాదు, కోతలయ్యాక మడుల్లో మేపే పెంపుడు బాతుల మందలకూ ఇదే గతి. ఆ బాతు గుడ్లు తినేది మనమే. గాయపడిన పక్షిని తిన్న గద్దకీ, డేగకీ అదే సీసం చేరుతుంది. అమెరికా 1991లో నీటిపక్షుల వేటలో సీసాన్ని దేశమంతటా నిషేధించింది. డెన్మార్క్ 1996లో సీసపు పెల్లెట్లను పూర్తిగా ఆపేసింది. ఐరోపా సమాఖ్య చిత్తడి నేలల్లో 2023 ఫిబ్రవరి నుంచి ఆపింది. ఇన్నేళ్ల అనుభవం ఉంది కాబట్టే ఏ లోహం ఏ గొట్టాన్ని ఏం చేస్తుందో ఇవాళ స్పష్టంగా చెప్పగలుగుతున్నాం.

ఇంకో మాట కూడా ఇక్కడే. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దగ్గర వేట నేరం. ఉద్దానం జీడితోటల్లోకి వచ్చే ఎలుగుబంటి, కొండల మీంచి దిగే ఏనుగు మొదటి షెడ్యూలు జంతువులు. వాటి దగ్గర తుపాకీ ఊసే ఎత్తకూడదు, అటవీశాఖకి కబురు చేయాలి. పంట మీద పడే అడవిపంది విషయంలోనూ రాతపూర్వక అనుమతి లేకుండా తుపాకీ ఎత్తకూడదు. కాబట్టి ఇక్కడ రాస్తున్నది క్లే పిజియన్ (ఎగరేసిన మట్టి బిళ్లలు) కాల్చేవారికీ, అనుమతితో పంట కాపాడుకునేవారికీ, వారసత్వంగా వచ్చిన తుపాకీని పని చేసే స్థితిలో ఉంచుకోవాలనుకునేవారికీ.

గొట్టం మీద ఏం రాసి ఉంది

పట్టీ మీద చెక్కిన దుకాణం పేరు చూసి మురిసిపోకండి. కలకత్తా దుకాణాలు అమ్మిన తుపాకుల్లో చాలావరకు ఇంగ్లండులో తయారైనవే. పేరు అమ్మినవాడిది, బలం తయారుచేసినవాడిది. అసలు సమాచారం గొట్టాల అడుగున ఉంటుంది. ముందు చెక్క ఊడదీసి, గొట్టాలు విడదీసి, బోర్లా తిప్పి చూడండి. చాంబర్ల కింద చదునుగా ఉన్న చోట చిన్న చిన్న ముద్రలుంటాయి. కిరోసిన్‌లో తడిపిన గుడ్డతో జిడ్డు తుడవండి. గీకొద్దు, ఇసుక కాగితం అసలే వద్దు. భూతద్దం, పక్క నుంచి పడే టార్చి వెలుతురు ఉంటే అక్షరాలు తేలతాయి.

మొదట వెతకాల్సింది నైట్రో ప్రూఫ్, అంటే ఇవాళ్టి పొగ రాని మందుతో గొట్టాన్ని పరీక్షించి కొట్టిన ముద్ర. బర్మింగ్‌హామ్ తుపాకీ అయితే 1904 నుంచి 1954 మధ్య కిరీటం కింద "ఎన్‌పీ" అక్షరాలు, 1954 తర్వాత కిరీటం కింద "బీఎన్‌పీ". లండన్ తుపాకీ అయితే కవచం తొడిగిన చెయ్యి కత్తి పట్టుకున్న బొమ్మ, దాని కింద "ఎన్‌పీ". కొన్నిటి మీద "నైట్రో ప్రూఫ్" అని పూర్తిగా రాసి, పక్కన 1⅛ ఔన్సు వంటి గరిష్ఠ బరువు కొట్టి ఉంటుంది. అంటే 32 గ్రాములకు మించిన పెల్లెట్ల బరువు ఆ గొట్టానికి పనికిరాదు. బెల్జియం లీజ్ నగరపు తుపాకీల మీద గుండ్రటి గీతలో "ఈఎల్‌జీ" ముద్ర ఉంటుంది. అది చూసి చాలామంది సరిపోతుందనుకుంటారు. అది నల్ల మందుగుండుకి చేసిన పరీక్ష ముద్ర మాత్రమే. పొగ రాని మందుకి పరీక్షించినట్టు చెప్పేది సింహం బొమ్మ కింద "పీవీ".

బర్మింగ్‌హామ్ గొట్టం మీద "బీపీ", "బీవీ" మాత్రమే ఉండి "ఎన్‌పీ" లేకపోతే అది నల్ల మందుగుండు కాలపు గొట్టం. "నాట్ ఫర్ బాల్" అని ఉంటే 1887కి ముందుది. గొట్టం పైన మెలికలు తిరిగిన చారలు కనిపిస్తే అది డమాస్కస్, అంటే ఇనుప, ఉక్కు తీగలను మెలిపెట్టి చుట్టి అతికించిన గొట్టం. నైట్రో ప్రూఫ్ గెలిచిన డమాస్కస్‌లూ ఉన్నాయి. అవి తక్కువ. ముద్ర లేని డమాస్కస్‌లో ఇవాళ్టి తూటా ఏదీ వేయకూడదు. సీసమైనా, బిస్మత్ అయినా, ఇనుమైనా ఒకటే మాట. అక్కడ ప్రమాదం పెల్లెట్ల నుంచి కాదు, వాటి వెనకున్న మందు నుంచి. "మా నాన్న ఇందులోనే వందల తూటాలు కాల్చాడు, ఏమీ కాలేదు" అన్న వాదన నాకు చాలాసార్లు ఎదురైంది. అతుకుల మధ్య తుప్పు లోపలే పాకుతుంది, పైకి కనిపించదు. ఇన్నాళ్లు పగలని గొట్టం ఇక పగలదని ఆ వాదన రుజువు చేయలేదు.

తర్వాత ఒత్తిడి అంకె. 1954 తర్వాతి బ్రిటిష్ గొట్టాల మీద "2½", "3 టన్స్" అని, లేదా "2¾", "3¼ టన్స్" అని ఉంటుంది. మొదటిది అంగుళాల్లో చాంబర్ పొడవు, రెండోది టన్నుల్లో ఒత్తిడి. ఇటీవలి వాటి మీద 850 బార్, 900 బార్ లాంటి అంకెలు (బార్ కూడా ఒత్తిడి కొలతే). 3 టన్నుల గొట్టం 850 బార్ పరీక్ష గొట్టానికి సమానం. అలాంటి దానిలో మామూలుగా కాల్చే తూటా సగటు గరిష్ఠ ఒత్తిడి 650 బార్ దాటకూడదు. ఈ 650 అంకె గుర్తుంచుకోండి. ఇనుప తూటాల దగ్గర దీని అవసరం పడుతుంది.

గొట్టం లోపలి వ్యాసం, అంటే బోర్, కూడా ముద్రలో ఉంటుంది. 12 అంటే .729 అంగుళం, 13/1 అంటే .719, 13 అంటే .710. ఇది చాంబర్ వైపు అంచు నుంచి 9 అంగుళాల లోపల కొలిచేది. తుప్పు గుంటలు పోవడానికి ఎవరో మిస్త్రీ లోపల సానబట్టి ఉంటే ఈ కొలత పెరుగుతుంది. 13/1 ముద్ర ఉన్న గొట్టంలోకి ఇప్పుడు .729 గేజి దిగితే ఆ ప్రూఫ్‌కి విలువ పోయినట్టే. అలాంటి గొట్టానికి సీసం లేని తూటా ఏది మంచిదని అడగడంలో అర్థం లేదు.

65లో 70

మన జిల్లాల్లో లోహం కన్నా పెద్ద సమస్య ఇది. పాత బ్రిటిష్ తుపాకుల చాంబర్ ఎక్కువగా 2½ అంగుళాలు, అంటే 65 మిల్లీమీటర్లు. డీలర్ల దగ్గర దొరికే తూటాల్లో 70 మిల్లీమీటర్లవి ఎక్కువ. 70 తూటా 65 చాంబర్‌లో చక్కగా కూర్చుంటుంది. తుపాకీ మూసుకుంటుంది, గుర్రం పడుతుంది, పేలుతుంది. ఏ తేడా తెలియదు.

తెలియకపోవడానికి కారణం ఉంది. తూటా మీద రాసిన పొడవు, కాల్చిన తర్వాత మూతి విప్పుకున్న కేసు (తూటా పైతొడుగు) పొడవు. కాల్చక ముందు మూతి ముడిచి ఉంటుంది కాబట్టి దాదాపు సెంటీమీటరు పొట్టిగా ఉంటుంది. పేలినప్పుడు ముడత విప్పుకుని, చాంబర్ దాటి, గొట్టం సన్నబడే చోటికి చొచ్చుకుపోతుంది. సరిగ్గా పెల్లెట్లూ, వాటికీ మందుకీ మధ్య ఉండే వ్యాడూ బయటికి దూసుకుపోవాల్సిన దారిలో ప్లాస్టిక్ గోడ అడ్డుపడి దారి ఇరుకవుతుంది. ఒత్తిడి పెరుగుతుంది. ఎంత పెరుగుతుందన్నది కేసు మందం, ముడత తీరు, గొట్టం కోణం మీద ఆధారపడుతుంది. అందుకే ఒక పెట్టెతో ఏమీ కాని తుపాకీ ఇంకో పెట్టెతో బెడిసికొడుతుంది. కేసు మూతి చిరిగి చింపులు చింపులుగా బయటికి వస్తే, రంగు మారి కరిగినట్టు ఉంటే, అది చాంబర్ పొట్టిదని తూటా చెబుతున్న సాక్ష్యం.

చాంబర్ కొలవడానికి గేజి కావాలి. లైసెన్సున్న తుపాకీ మిస్త్రీ దగ్గర ఉంటుంది, నిమిషంలో చూసి చెబుతాడు. ఇంట్లో అంచనాకి సన్నని ఉక్కు స్కేలు లోపల పెట్టి, చాంబర్ అయిపోయి గొట్టం సన్నబడటం మొదలయ్యే వలయం ఎక్కడుందో టార్చి వెలుతురులో చూడొచ్చు. ఇది అనుమానం తీర్చుకోవడానికే, నిర్ణయం తీసుకోవడానికి కాదు. ముద్రల్లో 2½ అని స్పష్టంగా ఉంటే ఇంక కొలతతో పనిలేదు. 65, లేదా 65 చాంబర్‌కి తగినదని పెట్టె మీద రాసిన తూటా మాత్రమే వేయాలి. చాంబర్‌ని 70కి తొలిపిస్తామనే మిస్త్రీలుంటారు. ఒప్పుకోకండి. గోడ అసలే అవసరమైన చోట పల్చబడుతుంది, ప్రూఫ్ రద్దయిపోతుంది.

సముద్రపు గాలి

కళింగపట్నం నుంచి బారువ దాకా తీరం వెంట ఉన్న ఇళ్లల్లో ఇనుముకి శత్రువు గాలే. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తర్వాత తడిసిన ఇళ్లల్లో బీరువాలు రోజుల తరబడి తెరవకుండా ఉండిపోయాయి. అలాంటి చోట గుడ్డ చుట్టి, తోలు సంచిలో పెట్టిన తుపాకీ మరీ త్వరగా పాడవుతుంది. తోలు, గుడ్డ రెండూ తేమ పట్టి ఉంచుతాయి. లోపల పడ్డ తుప్పు తుడిస్తే పోతుంది, గుంట మాత్రం మిగులుతుంది. ఆ గుంట అడుగున గోడ ఎంత మందం మిగిలిందన్నదే అసలు ప్రశ్న.

గొట్టం ముందు భాగంలో గోడ మందం అంగుళంలో వెయ్యింట 20 వంతులు, అంటే అర మిల్లీమీటరు, కనీసమని తుపాకీ పనివాళ్లు లెక్కేస్తారు. దీన్ని గోడ మందం గేజితో గొట్టం పొడవునా, చుట్టూ తిప్పి కొలవాలి. మూతి దగ్గర కాలిపర్ పెట్టి చూసింది లెక్కలోకి రాదు, చోక్ వల్ల అక్కడ మందం ఎక్కువ. మీరే చేసుకోగలిగిన పరీక్షలు రెండున్నాయి. ఒకటి, గొట్టాలు విడదీసి, కింది కొక్కెం దగ్గర దారంతో వేలాడదీసి వేలి గోటితో మీటండి. గంటలా మోగితే పట్టీ అతుకు గట్టిగా ఉన్నట్టు. చప్పగా, పగిలిన కుండ చప్పుడొస్తే మెత్తటి సీసం టంకం ఎక్కడో వదిలినట్టు. రెండు, గొట్టంలోంచి ఆకాశం వైపు చూస్తూ నెమ్మదిగా తిప్పండి. వెలుతురు వలయాలు సమానంగా ఉండాలి. మధ్యలో ఎక్కడైనా నల్లటి వలయం కనిపిస్తే అది ఉబ్బు, ఒక పక్క మాత్రమే వంకర పోతే అది నొక్కు. నొక్కు ఉన్న గొట్టంలో సీసం సర్దుకుని దాటిపోతుంది. ఇనుము సర్దుకోదు.

తుపాకీ మూసి, ముందు చెక్క తీసి, చెవి దగ్గర పెట్టి ఊపండి. గొట్టాలు కటకటమంటే పిడి లోహానికీ గొట్టానికీ మధ్య సందు వచ్చింది. దాన్ని సరిచేయించే దాకా ఏ తూటా వేయొద్దు.

ఏ లోహం ఏం చేస్తుంది

సీసం సాంద్రత ఘన సెంటీమీటరుకి 11.3 గ్రాములు, మెత్తన. ఇనుము 7.9, గట్టిది. "స్టీల్ షాట్" అని రాసేది నిజానికి మెత్తని ఇనుమే. అయినా వికర్స్ కొలతలో దాని గట్టిదనం 100 అటూ ఇటూ ఉంటుంది. సీసం అందులో పదోవంతుకు కాస్త అటూ ఇటూ. పాత గొట్టం ఉక్కు ఇవాళ్టి ఉక్కు కన్నా మెత్తన. అక్కడ మొదలవుతుంది గొడవ.

పెల్లెట్లు గొట్టాన్ని తాకితే గీతలు పడతాయి. దానికి విరుగుడు ఉంది: మందమైన ప్లాస్టిక్ కప్పు వ్యాడ్, పెల్లెట్లు మూతి దాటేదాకా వాటిని కప్పి ఉంచుతుంది. అందుకే ఇనుప తూటాలో ఫెల్ట్ వ్యాడ్, ఫైబర్ వ్యాడ్ ఉండకూడదు. చోక్ సమస్యకి మాత్రం కప్పు పూర్తి విరుగుడు కాదు. చోక్‌లో పెల్లెట్లు ఒకదాన్నొకటి ఒత్తుకుని ఇరుకు దారిలో దూరాలి. సీసం నలిగి దూరుతుంది. ఇనుము నలగదు, గొట్టమే జరుగుతుంది. చోక్ మొదలయ్యే చోట బయటికి సన్నని ఉబ్బు వలయం వస్తుంది. పక్కపక్క గొట్టాల్లో ఈ ఉబ్బు పట్టీ టంకాన్ని కూడా వదిలించేస్తుంది. తాతల నాటి తుపాకుల్లో ఎడమ గొట్టం ఎక్కువగా ఫుల్ చోక్, అంటే వెయ్యింట 40 వంతుల అంగుళం ఇరుకు. హాఫ్ అంటే 20, క్వార్టర్ అంటే 10. ఇనుముకి నేను హాఫ్ దాటనివ్వను. పాత గొట్టమైతే క్వార్టర్ దగ్గరే ఆగమంటాను.

ఇక ఇనుప తూటాలో రెండు రకాలు. ఐరోపా ప్రూఫ్ సంస్థల ఉమ్మడి కమిషన్ సీఐపీ పెట్టిన హద్దు ప్రకారం 12 బోర్ "స్టాండర్డ్ స్టీల్" ఒత్తిడి 740 బార్, వేగం సెకనుకి 425 మీటర్లు, వేగబలం (పెల్లెట్ల బరువుని వేగంతో గుణిస్తే వచ్చేది) 12 న్యూటన్ సెకన్లు, పెల్లెట్ వ్యాసం 3.25 మిల్లీమీటర్లు దాటకూడదు. "హై పెర్ఫార్మెన్స్ స్టీల్" 1050 బార్ దాకా వెళ్తుంది. దాన్ని 1320 బార్ పరీక్ష గెలిచి, లిల్లీ పువ్వు ముద్ర పడిన కొత్త గొట్టాల్లో మాత్రమే కాల్చాలి. మన తాతల తుపాకీ మీద ఆ పువ్వు ఉండదు. ఉందని ఎవరైనా చూపిస్తే అది వేరే అలంకారమై ఉంటుంది.

పెట్టె మీద "స్టాండర్డ్" అని లేకపోయినా మీరే లెక్కేసుకోవచ్చు. గ్రాముల్ని కిలోల్లోకి మార్చి వేగంతో గుణించండి, వచ్చేదే వేగబలం. 28 గ్రాములు, 400 మీటర్లు అయితే 11.2. సరిపోయింది. 28 గ్రాములు, 425 అయితే 11.9, అంచు మీద ఉంది. 32 గ్రాములు, 425 అయితే 13.6. అది స్టాండర్డ్ కాదు, లోపల పెట్టడానికి వీల్లేదు. ఇక్కడ ఇందాకటి 650 అంకె దగ్గరికి రండి. స్టాండర్డ్ స్టీల్‌కి 740 బార్ దాకా అనుమతి ఉంది. 3 టన్నుల గొట్టం హద్దు 650. కాబట్టి "స్టాండర్డ్" అన్న మాట ఒక్కటే చూసి 65 చాంబర్ తుపాకీలో ఇనుము వేయడం నాకు సమ్మతం కాదు. పెట్టె మీద 65 మిల్లీమీటర్లు, 650 బార్ రెండూ రాసి ఉండాలి. లేదంటే వదిలేయాలి. దెబ్బ మెత్తగా ఉంది కాబట్టి ఒత్తిడి తక్కువ అనుకోవడం కూడా పొరపాటు. భుజానికి తగిలే తన్ను పెల్లెట్ల బరువు, వేగం, మందు బరువుల లెక్క. చాంబర్‌లో ఒత్తిడి మందు ఎంత త్వరగా మండుతుందన్న లెక్క. తేలికైన తూటాలోనూ ఒత్తిడి ఎక్కువ ఉండొచ్చు.

బిస్మత్ విషయం వేరు. సాంద్రత 9.6, మెత్తన, కొంచెం తగరం కలిపి పోస్తారు. ఏ చోక్‌లోనైనా వెళ్తుంది, ఫైబర్ వ్యాడ్‌తోనూ వస్తుంది, గొట్టాన్ని గీకదు. దీని లోపం పెళుసుదనం. బలంగా తగిలితే పెల్లెట్ చీలుతుంది, పొడి అవుతుంది. మరీ వేగవంతమైన తూటాల్లో, మరీ ఇరుకు చోక్‌లో ఇది ఎక్కువ. పాత తుపాకీకి కావాల్సింది ఎటూ నెమ్మది తూటాయే కాబట్టి ఈ లోపం మనకి అంతగా తగలదు. ధర మాత్రం సీసానికి కొన్ని రెట్లు. బిస్మత్ అని రాసి ఉన్నంత మాత్రాన ఒత్తిడి తగ్గదని కూడా గుర్తుంచుకోవాలి. 70, 76 మిల్లీమీటర్ల బిస్మత్ తూటాలూ ఉన్నాయి. వాటికి పై నియమాలన్నీ వర్తిస్తాయి.

టంగ్‌స్టన్ పేరుతో రెండు పూర్తి విరుద్ధమైన సరుకులు అమ్ముతారు. టంగ్‌స్టన్ పొడిని ప్లాస్టిక్ లాంటి బంధకంలో కలిపి చేసినది సాంద్రత 10.8 దాకా ఉంటుంది, మెత్తన, పాత తుపాకీకి దాదాపు సీసంలాగే నడుస్తుంది. నికెల్, ఇనుముతో కలిపి మూస పోసినది సీసం కన్నా బరువు, ఇనుము కన్నా గట్టిది. రెండోది పాత గొట్టం దరిదాపులకి రాకూడదు. పెట్టె మీద "మ్యాట్రిక్స్" అన్న మాట, "పాత తుపాకులకు తగినది" అన్న మాట రెండూ చూడాలి. తగరం మెత్తన, క్షేమం, కానీ 7.3 సాంద్రతతో బాగా తేలిక. దగ్గరి క్లే పిజియన్‌కి పనికొస్తుంది. జింక్ పక్షులకి విషమే, దాని జోలికి పోవద్దు. రాగిని ఇనుముతో సమానంగా చూడండి.

తేలిక లోహానికి పెల్లెట్ సైజు పెంచాలి. అదే బరువు రావాలంటే ఇనుప పెల్లెట్ వ్యాసం సీసం కన్నా సుమారు 12 శాతం, బిస్మత్ 5 శాతం పెద్దదిగా ఉండాలి. 2.6 మిల్లీమీటర్ల సీసానికి బదులు 2.9 నుంచి 3.1 ఇనుము, 2.7 నుంచి 2.8 బిస్మత్. నంబర్లని నమ్ముకోకండి. బ్రిటిష్ 6 అంటే 2.6, అమెరికన్ 6 అంటే 2.8. మిల్లీమీటర్లే చదవండి.

ఇంట్లో చేసే మార్పులు

విదేశీ తూటా దొరకడం కష్టమని తెలిశాక కొందరికి ఒక ఆలోచన వస్తుంది. ఉన్న సీసపు తూటా మూతి విప్పి, సీసం ఒలకబోసి, సైకిల్ బేరింగు గోళీలు నింపడం. దీన్ని ఎంత గట్టిగా వద్దంటే అంత తక్కువే. బేరింగు గోళీ మెత్తని ఇనుము కాదు. గట్టిపరచిన క్రోమియం ఉక్కు, వికర్స్‌లో 700 పైమాటే. అది సీసపు తూటాలోని పల్చటి వ్యాడ్‌ని చీల్చుకుని గొట్టాన్ని దున్నేస్తుంది, చోక్‌లో ఇరుక్కుంటుంది. గట్టి వస్తువుకి తగిలి వేగంగా వెనక్కి తిరిగొస్తుంది. పైగా సీసానికని కొలిచిన మందు, ఇనుముకి తగిన మందు ఒకటి కావు. అదే బరువు ఇనుము సీసం కన్నా 1.4 రెట్లు చోటు తీసుకుంటుంది. సీసం తీసి బిస్మత్ పోసినా ఇదే తప్పు. లైసెన్సు లేకుండా తూటా తయారుచేయడం ఆయుధ చట్టం కింద నేరం, శిక్ష జైలు. ఇంకొకరు అలా చేసి ఇచ్చినా తీసుకోవద్దు.

పంది కోసం వాడే పెద్ద గుండ్ల తూటాల గురించి ఒక్క ముక్క. ఇనుప బక్‌షాట్, రాగి లేదా ఇత్తడి స్లగ్ పాత చోక్ గొట్టంలో వేయకండి. చోక్‌లో నలగని ఒకే ముక్క లోహం గొట్టం మూతిని చీల్చేయగలదు. అనుమతితో చేసే పనికి ఆ తుపాకీ సరైనది కాదు. కొత్త గొట్టం ఉన్నవాళ్లకి అప్పగించడమే మేలు. పక్షుల్ని, పందుల్ని బెదరగొట్టడానికే అయితే పెల్లెట్ల అవసరమే లేదు. డప్పు, టపాసు, కంచె చేసే పని అది. చప్పుడు కోసం సీసం చల్లడం కన్నా అర్థం లేని పని ఉండదు.

మరి ఏం వేయాలి

ఖడ్కీ అమ్యూనిషన్ ఫ్యాక్టరీ శక్తిమాన్ తూటాలే మన డీలర్ల బల్ల మీద మామూలుగా కనిపించేవి, వాటిలో ఉండేది సీసం. బిస్మత్ కావాలంటే దిగుమతి అనుమతి ఉన్న దారిలోనే రావాలి. ఆ దారి క్రీడాకారులకి కొంత తెరిచి ఉంది, మిగతావారికి ఇరుకు. అందుకని దొరికినదానితో సరిపెట్టుకుందామన్న ఒత్తిడి ఉంటుంది. దానికి లొంగొద్దనే నేనంటాను.

నైట్రో ముద్ర లేని గొట్టానికి, చారల డమాస్కస్‌కి, గోడ పల్చబడ్డదానికి, ఉబ్బు ఉన్నదానికి ఏ తూటా వద్దు. గోడకి వేలాడదీసుకోండి, లైసెన్సు కొనసాగించండి, నూనె రాస్తూ ఉండండి. నైట్రో ముద్ర ఉండి, 65 చాంబర్, 3 టన్నుల గొట్టం, గోడ బాగున్నదానికి 65 మిల్లీమీటర్ల, 24 నుంచి 28 గ్రాముల బిస్మత్ లేదా మెత్తని టంగ్‌స్టన్ మ్యాట్రిక్స్. అది దొరికేదాకా కాల్చడం తగ్గించండి. చెరువు, మడి, వాగు ఉన్న వైపు ఎప్పుడూ కాల్చకండి. 70 చాంబర్, 3¼ టన్నుల పైన ముద్ర, రెండు గొట్టాలూ హాఫ్ లోపు చోక్ ఉన్న 1954 తర్వాతి తుపాకీ అయితే 24 లేదా 28 గ్రాముల స్టాండర్డ్ స్టీల్ ఆలోచించవచ్చు, మిస్త్రీ చూసి సరేనన్నాక. ఒక గొట్టం ఫుల్, ఇంకోటి క్వార్టర్ అయితే? క్వార్టర్ గొట్టంలో మాత్రమే ఇనుము వేసి రెండోది ఖాళీగా ఉంచుతామనే సలహా వినిపిస్తుంది. కాగితం మీద అది సరైనదే. హడావిడిలో చెయ్యి పొరపాటు పడటానికి ఎక్కువ సేపు పట్టదు. ఫుల్ చోక్‌ని మిస్త్రీ చేత హాఫ్‌కి తెరిపించడం మేలు. అది చాంబర్ తొలిచే పని లాంటిది కాదు, మూతి దగ్గరి గోడ మందంగా ఉంటే చేయించుకోవచ్చు.

కొత్త రకం తూటా మొదటిసారి కాల్చే ముందు గొట్టాల లోపల, బయట ఫొటోలు తీసి పెట్టుకోండి. మొదట ఒక్కటే కాల్చి, ఆ గొట్టాన్ని వెలుతురుకి పట్టి చూడండి. తర్వాత ఐదు, మళ్లీ చూడండి. చోక్ మొదలయ్యే చోట, మూతికి ఒకటి రెండు అంగుళాల వెనక, వేలి కొనతో బయట తడమండి. కంటికి కనిపించని వలయం వేలికి తెలుస్తుంది. కాల్చిన కేసు అడుగున చూడండి. ప్రైమర్ (మందుని అంటించే మధ్య బిళ్ల) చదునుగా పరుచుకుపోయినా, పిన్ గుంత చుట్టూ అంచు లేచినా, కేసు తీయడానికి బలం కావలసి వచ్చినా ఆ పెట్టె పక్కన పెట్టేయాలి. చప్పుడు బలహీనంగా, "టుస్" మని వస్తే రెండో తూటా వేయకముందే తుపాకీ తెరిచి గొట్టంలోంచి చూడండి. వ్యాడ్ లోపలే ఉండిపోయి ఉండొచ్చు. దాని వెనక ఇంకో తూటా పేలితే మంచి గొట్టమైనా పగులుతుంది.

పాత పెట్టెల్లో మిగిలిన కాగితపు కేసు తూటాలు మన తేమకి ఉబ్బి ఉంటాయి. బలవంతంగా చాంబర్‌లోకి తొయ్యొద్దు. ఎండలో పెట్టి ఆరబెట్టొద్దు. లైసెన్సులో లెక్క ఉంటుంది కాబట్టి డీలరుకో ఠాణాకో అప్పగించి రసీదు తీసుకోండి. కొత్తవాటిని గాలి చొరబడని డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో, తుపాకీకి దూరంగా వేరే తాళం కింద ఉంచండి. సీసపు పెట్టె, బిస్మత్ పెట్టె ఒకే డబ్బాలో పెట్టకండి. 12, 20 బోర్ తూటాలు రెండూ ఇంట్లో ఉంటే మరీ జాగ్రత్త. 20 తూటా 12 గొట్టంలో జారి ముందుకు పోయి ఇరుక్కుంటుంది, చాంబర్ ఖాళీగా కనిపిస్తుంది, వెనక ఇంకో 12 తూటా కూర్చుంటుంది. వానాకాలం మొదలయ్యే ముందోసారి, తుపాను హెచ్చరిక వచ్చినప్పుడోసారి డబ్బాలోని జెల్ పొట్లాలు మార్చి, గొట్టాల్లో పల్చగా నూనె పూసి, తోలు సంచిలోంచి తీసి, గాలి తగిలే బీరువాలో నిలువుగా పెట్టండి. మళ్లీ కాల్చే ముందు ఆ నూనె పూర్తిగా తుడిచేయాలి. చాంబర్‌లో నూనె ఉంటే కేసు గోడకి పట్టు దొరకదు, పేలుడు దెబ్బంతా తుపాకీ వెనక ముఖం మీద పడుతుంది.